దుబాయి గంజు

ఆ రోజు పొద్దున కూడా నీలవ్వ బియ్యం ఎక్కువే పోసింది.

కావాలని కాదు. ఇంట్లో తినేవాళ్లు నలుగురు, అప్పుడప్పుడే పాలు మానుతున్న పిల్ల ఒకతి. ఎంత పొయ్యాలో తలకు తెలుసు. చేతికే తెలియదు. తల ఇంకా లెక్క వేసుకుంటుండగానే చెయ్యి డబ్బాలోకి దిగి, సోల మీద సోల చేటలోకి ఒంపేస్తుంది. చెరిగేటప్పుడు కుప్ప చూసి నాలుక కరుచుకుని, అత్త గమనించకముందే కాసిని తీసి డబ్బాలో పోద్దామనుకుంటుంది. కానీ వెంకవ్వ కళ్లకు పొరలు కమ్మినా చెవులకు కమ్మలేదు. చేటలో బియ్యం చప్పుడును బట్టి ఎన్ని మెతుకులవుతాయో చెప్పగల ముసలమ్మ ఆమె.

"ఎవలకే గంతగనం? పెండ్లా, పెత్రమాసా? ఊరందరిని పిలిసినవా?"

"మాపటికి పనికొస్తది తియ్యి అత్తా."

"మాపటికి పాశిపోతది. పాశిపోయిందంత నువ్వే తినాలె, జెప్తున్న."

తింటూనే ఉంది. పదేళ్లుగా ఆ ఇంట్లో చద్దన్నం నీలవ్వదే. ఎక్కువ వండటం, మిగిలింది తనే తినటం, అదొక తిట్టూ ఒక నవ్వులాటా అయిపోయింది. చుట్టాలు వచ్చినప్పుడు మొగుడు గంగాకిషన్ కూడా నవ్వుతూ చెబుతాడు: "దీని చెయ్యి గంతే. కొలత లేని చెయ్యి." ఆ మాట విన్నప్పుడల్లా నీలవ్వ లోలోపలే జవాబు చెప్పుకుంటుంది. కొలత లేకపోవటమేమిటి? మహా ఖచ్చితమైన కొలత ఉంది ఆ చేతికి. కాకపోతే ఆ కొలత వేరే ఊరిది. ఆ ఊరి పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం, మాఘం పోయి ఫాల్గుణం వస్తున్న రోజులు. ఆర్మూరులో పసుపు కాలం. ఉడికించి ఎండబోసిన పసుపు వాసన ఊరి మీద దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. బస్సు దిగినవాడు ముందు తుమ్ముతాడు, ఆ తర్వాతే మాట్లాడతాడు. గంగాకిషన్ మార్కెట్లో పసుపు బేరాలు కుదిర్చే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఈ కాలం వచ్చిందంటే సేటు దుకాణం నుంచి బస్తాలు ఇంటికి తెచ్చి వాకిట్లో కుమ్మరిస్తాడు. పొడుగు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి గోళ ఒక పక్కకు ఏరాలి. ఏరేది నీలవ్వ, కోడలు రత్నవ్వ. కూలీ ఏమీ లేదు. "సేటు మనోడు. మీరిద్దరు ఖాళీగనే ఉంటరు గదా, జర ఏరి పెట్టుండ్రి" అంటాడు. సేటు దగ్గర ఆ పని గంగాకిషన్ మంచితనం కింద జమ అవుతుంది.

ఖాళీ. ఆ మాటంటే నీలవ్వకు మండిపోతుంది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, బోరింగు దగ్గర వరుసలో నిలబడి నీళ్లు తెచ్చి, వండి, అత్తకు నీళ్లు పోసి, మొగుడికి డబ్బా కట్టి, అప్పుడు బీడీల చేట ఒళ్లో పెట్టుకుంటుంది. తునికాకు తడపటం, కత్తిరించటం, జర్దా పోసి చుట్టటం, కట్టలు కట్టటం. ఆ కట్టలు కార్ఖానాలో ఇచ్చి తిరిగొస్తూ కూరగాయలు తేవాలి. ఇన్నింటి మధ్య, తునికాకు తడిగుడ్డలో నానుతున్న ఆ కాసేపు ఉంటుంది చూడండి, అదే ఆమె ఖాళీ. ఆ కాసేపట్లోకి సేటు పసుపు వచ్చి పడింది. ఇంట్లో ఆడదాని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్న క్షణం ఎక్కడ కనపడినా, దాన్ని ఎవరో ఒకరికి దానమిచ్చే హక్కు మొగవాడికి ఎవరిచ్చారో ఆమెకు ఇన్నేళ్లయినా అంతుపట్టలేదు.

అయినా ఆ పొద్దున ఆమె గుండెలో గుచ్చుకుంటున్నది అది కాదు. నిన్న సాయంత్రం జరిగిన సంగతి.

కొడుకు భూమేశ్వర్ సౌదీ పోయి ఏడాది కావస్తోంది. మొదట రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆ తర్వాత గాలి కూడా రాలేదు. కోడలు రత్నవ్వకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ధర్పల్లి పిల్ల, మాట తక్కువ, పని ఎక్కువ. చంటిదానికి జ్వరమొస్తే దవాఖానకు, తలకు నూనె లేకపోతే నూనెకు, ప్రతిదానికీ మామ ముందు చెయ్యి చాపాలి. గంగాకిషన్ కాదనడు. ఇస్తాడు. కానీ ఇచ్చేముందు ఒకసారి దగ్గుతాడు. "మొన్ననే ఇస్తి గదా బిడ్డా" అంటాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా రత్నవ్వ మెడ కాస్త కాస్త కిందికి వంగిపోవటం నీలవ్వ చూస్తూనే ఉంది.

నిన్న సీతాబాయి వచ్చింది. ఒకప్పుడు ఇదే గల్లీలో ఉండేది. ఇప్పుడు ఆమె ఇల్లూ వాకిలీ అన్నీ భివండిలోనే. అక్కడ మరమగ్గాల మీద పనిచేసే మన వైపు వాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టే బిస్సీ నడుపుతుంది. చుట్టాల పెళ్లికి వచ్చి, నాలుగు రోజులుండి, ఆదివారం రైలుకు పోతోంది. రత్నవ్వ ఆమెతో ఏం మాట్లాడిందో ఏమో, సాయంత్రం మామ కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, తలుపు చాటు నుంచి ఇంత గొంతుతో అడిగింది.

"మామా, సీతాబాయక్కకు బిస్సీల మనిషి గావాల్నట. వానకాలం దాక పోయొస్త."

గంగాకిషన్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వాడు.

"భివండికా? ఒక్కదానివే? మగ్గాలోళ్లకు వండి పెడ్తందుకు? బిడ్డా, మన ఇంట్ల గసొంటి రివాజు లేదు. నేను దుబాయిల ఉన్నన్నొద్దులు మీ అత్త ఏం జేసిందో అడుగు. సిరికొండల అమ్మగారింట్ల తల వంచుకోని ఉన్నది. గడప దాటలే. అందుకే ఇయ్యాల నలుగురిల నాకింత ఇజ్జత్. ఏమే, చెప్పు నీ కోడలికి."

రత్నవ్వ అత్త వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది, అదే ఘోరం. గుమ్మం బయట చెప్పులేసుకుంటున్న సీతాబాయి కూడా ఆగి చూసింది. ఆ చూపులో ఇంకేదో ఉంది.

నీలవ్వ తల ఊపింది.

అంతే. ఒక్క తల ఊపు. రత్నవ్వ లోపలికి పోయి పిల్లను ఎత్తుకుంది. రాత్రి అన్నం తినలేదు.

పసుపు ఏరుతూ నీలవ్వ ఆ తల ఊపునే మళ్లీ మళ్లీ నమిలింది. తను నోరు మూసుకున్నది పదేళ్లు. ఆ మూత తన బతుకు మీదే అనుకుంది ఇన్నాళ్లూ. తన నోరు, తన బాధ, ఎవరికేం నష్టం అనుకుంది. నిన్న తెలిసింది, ఆ మూత పట్టుకెళ్లి ఇంకో పిల్ల నెత్తిన పెట్టొచ్చునని. "మీ అత్తను అడుగు" అన్నాడు. అవును మరి, తనే కదా సాక్ష్యం. తను చెయ్యని పనికి తననే సాక్ష్యం నిలబెట్టి, తను చేసిన పని నుంచి కోడలిని ఆపుతున్నాడు.

అసలు జరిగిందేమిటంటే, గంగాకిషన్ దుబాయి పోయిన మొదటి ఏడు ఇప్పటి భూమేశ్వర్‌లాగే మాయమయ్యాడు. కంపెనీ మూతబడింది, కాగితాలు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఇంట్లో అత్త, పదమూడేళ్ల కొడుకు, తను. వానలకు కార్ఖానాలో ఆకు కూడా ఇవ్వటం మానేశారు. అప్పుడు సీతాబాయే అంది, "నా ఎంబడి రా నీలక్కా, గంజు గడుక్కున్నా కడుపు నిండుతది" అని. నీలవ్వ వణికింది. వెంకవ్వ వణకలేదు. "పో. పోరన్ని నేన్ జూస్కుంట. ఊళ్లె మాత్రం, పోరనికి గూడ, అమ్మగారింటికి పోయినవని చెప్త. మీ అవ్వకు పచ్చవాతం వచ్చిందని చెప్త" అంది. ఆ అబద్ధం పుట్టింది అలాగ, ఒక ఆడది ఇంకో ఆడదానికి కప్పిన కొంగులాగ.

నిజామాబాదులో రైలెక్కినప్పుడు ఆమెకు హిందీ రాదు, మరాఠీ రాదు, ఒంటరిగా టికెట్టు కొనటం రాదు. భివండిలో దిగాక మొదటి వారం నిద్ర రాలేదు. గోడకు అటుపక్క మగ్గాలు. పగలూ రాత్రీ టకాటకా టకాటకా. నేల కూడా అదురుతుంది. నీళ్ల కుండలో నీళ్లు ఊరికే వణుకుతూ ఉంటాయి. నెల తిరిగేసరికి ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టని మనిషి అయింది. మొదట సీతాబాయి దగ్గర కూలికి వండింది. తర్వాత పక్క సందులో ఒక గది తీసుకుని తనే బిస్సీ పెట్టింది. పగటి పాళీ వాళ్లు తిని పోతే రాత్రి పాళీ వాళ్లు వస్తారు. సిరిసిల్ల వాళ్లు, షోలాపురం వాళ్లు, అందరికీ ఆమె 'అక్క'. పప్పు పలచనైతే అలిగేవారు, కొడుక్కి జ్వరమని ఉత్తరమొస్తే ఆమె దగ్గరే ఏడ్చేవారు. బజారులో బియ్యం బస్తా దగ్గర బేరమాడింది, పోలీసు జవానుతో హిందీలో వాదించింది. కొన్నది, అమ్మింది, గెలిచింది.

ఆమె బిస్సీకి ఒక కట్టు ఉండేది. ఎవరి పళ్లెం వారిది, గోడ వారగా వరుసగా ఉంటాయి. తాగి వచ్చినా, తోటివాడితో నోరు పారేసుకున్నా, ఆడవాళ్ల మీద చెడ్డ మాట అన్నా, మర్నాడు వాడి పళ్లెం బోర్లా ఉంటుంది. అరుపులు లేవు, తిట్లు లేవు. బోర్లా ఉన్న పళ్లెం దానంతట అది లేవదు, ఆమె లేపదు. చేసిందేమిటో వాడే నలుగురిలో పైకి చెప్పి, వాడి చేత్తోనే తిప్పుకోవాలి. ఆరడుగుల షోలాపురం పైల్వాను ఒకడు పళ్లెం ముందు గొంతుకూర్చుని చిన్నపిల్లవాడిలా గొణిగి తిప్పుకున్నాడు ఒకసారి. ఆ రోజు నీలవ్వ తన గదిలో తలుపు వేసుకుని కడుపారా నవ్వింది. ఇంకెప్పుడూ అలా నవ్వినట్టు గుర్తులేదు.

అక్కడి నుంచి పంపినదాంతోనే అత్తా కొడుకూ తిన్నారు, ఇంటి ముందు గోడ లేచింది, ఆ గోడ మీద రేకులు లేచాయి. అందరూ దాన్ని దుబాయి ఇల్లంటారు.

చివరికి రెండో ఏడు ఇంటికి ఉత్తరం రాసి, తల్లి దగ్గర భివండి చిరునామా తెలుసుకుని గంగాకిషన్ వచ్చాడు. బొంబాయిలో విమానం దిగి, ఉత్త చేతులతో, ఎముకల గూడులా, ముందు భివండికే వచ్చాడు. ఆమె వండిపెడితే తిన్నాడు, రెండు రోజులు పడుకుని లేచాడు. మూడో రోజు, ఊరికి ఎలా పోతాను, ఏం ముఖం పెట్టుకుని పోతాను అని ఏడ్చాడు. ఆమెకే జాలేసింది. బొంబాయి బజారుకు తీసుకెళ్లి ఒక టేపురికార్డు, రెండు చొక్కాల గుడ్డ, సెంటు సీసా కొనిపెట్టింది. దుబాయి నుంచి వచ్చినవాడు చెయ్యూపుకుంటూ రాకూడదు కదా. ఆ టేపురికార్డుకు ఈ రోజుకీ పూల గుడ్డ కప్పి ఉంటుంది.

రైలు ఎక్కేముందు ఆ చొక్కా గుడ్డ చంకలో పెట్టుకునే అన్నాడు: "నిన్ను ఏలుకుంట. గని భివండి మాట మల్ల మనింట్ల రావద్దు. మొగోళ్లకు వండిపెట్టినవని తెలిస్తె నన్ను మనిషి లెక్క చూడరు."

అప్పుడు ఆమెకు ముప్పై రెండేళ్లు. ఏలుకుంటానన్నాడు, అదే చాలనుకుంది. బిస్సీ సామానంతా సీతాబాయికి ఇచ్చేసి, అన్నం వండే పెద్ద గంజు ఒక్కటి మాత్రం వదల్లేక తెచ్చుకుంది. రైల్లోంచి దించేటప్పుడు పడి ఒక పక్క సొట్ట పోయింది. ఇంత గంజు ఎక్కడిదని గల్లీవాళ్లు అడిగితే గంగాకిషన్ తడుముకోకుండా "దుబాయిది" అన్నాడు. అంతే. ఆనాటి నుంచి ఎవరింట్లో పెళ్లయినా పేరంటమైనా "దుబాయి గంజు ఇయ్యుండ్రి" అని వస్తారు. ఇచ్చేటప్పుడల్లా నీలవ్వ చేత్తో ఆ సొట్టను ఒకసారి తడిమి ఇస్తుంది.

అన్నిటికన్నా కాల్చే మాట కొడుకుది. సౌదీ పోయే రోజు పెళ్లాంతో, తల్లి వినేటట్టే అన్నాడు: "నువ్వన్న ఇంటికాడ ఉండు రత్నా. మా అవ్వ లెక్క పిల్లను ఇడిసిపెట్టి అమ్మగారింట్ల కూసోకు."

అప్పుడు కూడా నీలవ్వ నోరు విప్పలేదు. వాడి సంచిలో సర్వపిండి పెట్టింది.

ఎండ నడినెత్తికి వస్తుండగా గంగాకిషన్ ఇంటికి వచ్చాడు, వెంట ఒక సారుని తీసుకుని. సర్వే సారు. పేరు దేవిదాస్ అని చెప్పుకున్నాడు. దేశమంతటా అక్కడక్కడ కొన్ని ఇళ్లు ఏరుకుని, ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు, అంతకుముందు ఏ ఊళ్లో ఉండేవారు, అక్కడి నుంచి ఎందుకొచ్చారు, ఇవన్నీ రాసుకుపోయే సర్కారు సర్వే అట. ఈ గల్లీలో తమ ఇల్లు పడింది. గంగాకిషన్ మాత్రం తను దుబాయి పోయొచ్చిన సంగతి ఢిల్లీ దాకా తెలిసే తన ఇల్లు ఏరుకున్నారని గట్టిగా నమ్మాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. టేపురికార్డు మీది పూల గుడ్డ తీశాడు.

సారు మంచివాడే. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయి, ఆకలితో కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చుని, చేతిలో పెన్ను, చెవి మీద పెన్సిలు పెట్టుకున్నాడు. తేలిన జవాబులు పెన్నుతోనూ, మళ్లీ అడగాల్సినవి పెన్సిలుతోనూ రాయటం ఆయన అలవాటట.

గంగాకిషన్‌ది ముందు రాశారు. ఇంతకుముందు ఎక్కడున్నారు? దుబాయి. ఎందుకు పోయారు? నౌకరికి. అక్కడి ఎండల గురించి, అద్దాల మేడల గురించి గంగాకిషన్ చాలాసేపు చెప్పాడు. సారు ఓపిగ్గా విని పెన్నుతో రాసుకున్నాడు.

"ఇప్పుడు మీ భార్యది చెప్పండి. ఏం పని చేస్తది?"

"ఏం పనుంటది సారూ. ఇంట్లనే ఉంటది."

సారు వాకిలి వైపు చూశాడు. పసుపు కుప్పల మధ్య నీలవ్వ కూర్చుని ఉంది. పక్కనే బీడీల చేట. మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి చేతులు.

"మరి ఆ బీడీలు?"

"ఖాళీగ ఉన్నప్పుడు జేస్తది."

ఏరుతున్న రత్నవ్వ చేతులు ఒక్క క్షణం ఆగాయి. నీలవ్వవి ఆగలేదు.

"సరే. ఈ ఊరికి రాకముందు ఆమె ఎక్కడుండేది? ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉన్న ఊరు చెప్పాలె."

"సిరికొండ. పెండ్లయి వచ్చింది."

"పెండ్లి తర్వాత మధ్యలో ఎక్కడికీ పోలేదా? మాకు చివరగా ఉన్న ఊరు కావాలె."

"నేను దుబాయిల ఉన్నప్పుడు మల్ల సిరికొండల్నే ఉండె. ఎట్ల రాసినా సిరికొండే సారూ!" అని గంగాకిషన్ నవ్వాడు. సారు కూడా నవ్వాడు.

"అక్కడ ఏమన్నా పని చేసేదా?"

"ఏం జేస్తది సారూ. అమ్మగారింట్ల కూసొని తిన్నది."

కూసొని తిన్నది.

నీలవ్వ చేతిలో ఒక పసుపు కొమ్ము ఉంది. ఏ కుప్పలో వెయ్యాలో మర్చిపోయింది. భివండిలో ఉన్నన్నాళ్లూ ఆమె కూర్చుని తిన్న పూట ఒక్కటి లేదు. పగటి పాళీకీ రాత్రి పాళీకీ మధ్య, పొయ్యి పక్కన నిలబడి, గంజు అడుగున అంటుకున్న అన్నం గీక్కుని, అది కూడా ఎవరో "అక్కా" అని పిలిస్తే గబగబా మింగేది. ఇంట్లోనే ఉంది అను, పడింది. గడప దాటలేదు అను, పడింది. ఖాళీ అను, కొలత లేని చెయ్యి అను, కొడుకు చేత తిట్టించు, అన్నీ పడింది. కానీ ఈ ఒక్క మాట మీద దేశం కోసం రాసే కాగితంలో పెన్ను ఆనబోతోంది. ఎదురుగా రత్నవ్వ తల వంచుకుని ఉంది. రేపు ఈ పిల్లను కూడా ఎవరో ఇలాగే రాయిస్తారు. అప్పుడు తను మళ్లీ తల ఊపాలి.

"కూసొని తినలే సారూ" అంది నీలవ్వ. "నిలవడి పెట్టిన. భివండి అని రాయి."

పెన్ను ఆగింది.

"ఏయ్! మతి వోయిందానే?" గంగాకిషన్ లేచాడు, మళ్లీ సారుని చూసి గొంతు తగ్గించాడు. "ఆమెకు సమజ్ కాలే సారూ. ఇగో, నువ్వు లోపల్కి రా."

"లోపల్కి వస్తె మల్ల సిరికొండే అయితది. ఈడనే చెప్త."

ఆమె లేచి నిలబడింది. చేతులు దులుపుకుంటే పసుపు పొడి ఎండలో లేచింది.

"భివండిల రెండు పసుపు కాలాలు ఉన్న. పనికే వోయిన, పెండ్లికి కాదు. మొదాలు కూలికి వండిన, ఎనుక నా సొంత బిస్సీ నడిపిన. గా కారణం గడిల పని కోసం అని రాయి. ఈయనకు ఎట్ల రాసినవో నాకు గట్లనే రాయి."

గంగాకిషన్ ముఖం పాలిపోయింది. తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వన్న చెప్పు! సిరికొండనే గద!"

మంచం మీద వెంకవ్వ లేచి కూర్చుంది. ఆ అబద్ధం ఆమెది. కన్నతల్లిలా పెంచింది దాన్ని. గోడకు ఆనించి ఉన్న పెద్ద గంజు వైపు మసక కళ్లు తిప్పి, చివరికి గొణిగింది:

"ఏం జెప్పాల్రా? గంత గంజును దుబాయి నుంచి విమానంల తెచ్చినవంటె మన గల్లోళ్లు నమ్మిండ్రు. సారు సదువుకున్నోడు, నమ్మడు."

రత్నవ్వకు నవ్వు వచ్చింది. అంతలోనే అది ఏడుపైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆమె అంపుతెనే నేనూ నీ కొడుకూ ఇంత తిన్నం" అంది వెంకవ్వ, ఈసారి గట్టిగా. "పోయే కాలమొచ్చింది నాకు. ఇంకెన్నొద్దులు మొయ్యాలె?"

గంగాకిషన్ చూపు టేపురికార్డు మీద పడి అక్కడే ఆగిపోయింది. ఇక అదొక్కటే మిగిలింది. నీలవ్వ ఆ చూపును చూసింది. ఒక్క మాట చాలు, సారు ముందు, కోడలి ముందు, ఆ మనిషి మిగలడు. నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె పూల గుడ్డ తీసి టేపురికార్డు మీద మళ్లీ కప్పింది. తన కథ తనకు కావాలి గానీ, ఆయన ఏడుపు ఆమెకెందుకు?

సారు పెన్నుతో రాసుకున్నాడు. భివండి. పని కోసం. రాస్తున్నంతసేపూ నీలవ్వ ఆ చెయ్యి వైపే చూసింది. అక్షరాలు ఆమెకు రావు. కానీ ఆ గడిలోని మాట సిరికొండ కాదని మాత్రం తెలుసు.

"మాటలైనయ్ గదా, ఇగ సారుకు ఇంత అన్నం పెట్టు" అన్నాడు గంగాకిషన్. ఎటో చూస్తూ అన్నాడు, జరిగినదాని మీద మట్టి కప్పినట్టు.

"పెడ్త. ఇయ్యాల మస్తున్నది" అంది నీలవ్వ.

పొద్దున ఎక్కువైన అన్నం సరిగ్గా సరిపోయింది. సారుకు పళ్లెం వేసింది. అత్తకు మంచం దగ్గరే పెట్టింది. రత్నవ్వను కూడా లేపి, మామ ముందే, పీట వేసి కూర్చోబెట్టింది. గంగాకిషన్ తన చోటికి వచ్చి కూర్చుని చూస్తే, ముందున్న పళ్లెం బోర్లా ఉంది.

"ఇదేంది?"

"భివండిల నా బిస్సీ కట్టు. నేను లేపను. నిన్న రత్నకు ఏం జెప్పినవో అది నిజమా అబద్దమా, నీ నోటితోని చెప్పి నువ్వే తిప్పుకో."

సారు తల వంచుకుని ముద్ద కలుపుకున్నాడు. గంగాకిషన్ చెయ్యి పళ్లెం అంచు మీద ఆనింది. ఆని, అలాగే ఉండిపోయింది.

నీలవ్వ ఆ చేతి కోసం ఎదురుచూడలేదు. కోడలికి పప్పు వడ్డిస్తూ, మామూలు సంగతిలాగ చెప్పింది:

"ఆదివారం సీతాబాయెంబడి పో. పిల్లను నేన్ జూస్కుంట. ఊళ్లె అడిగినోళ్లకు మాత్రం భివండికే వోయిందని చెప్త. బూమేశుకు గూడ గట్లనే రాయిస్త, నాది గూడ కలిపి. గంజు దీస్కపో. సొట్ట పక్కకు మంట తక్కువ తగుల్తది, జర చూస్కో."

రత్నవ్వ తల ఎత్తింది. నిన్నటి నుంచి వంగి ఉన్న మెడ అది.

సారు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ కాగితాలు తీశాడు. "ఇంకొక్కరిది మిగిలింది. మీ కోడలు. ఇంతకుముందు ఉన్న ఊరు ధర్పల్లి, ఇప్పుడు ఆర్మూరు. అంతే కదమ్మా?" అని పెన్ను తెరిచాడు.

నీలవ్వ ఆయన చెవి మీదున్న పెన్సిలు వైపు చూపించింది.

"ఆమెది దాంతోని రాయి సారూ."